సున్నం మీద పసుపు

నాకు కోపం త్వరగా రాదు. వచ్చిందంటే మాత్రం ఒక పట్టాన పోదు. మా అమ్మ దీన్ని జబ్బు అనేది. నేను జ్ఞాపకశక్తి అంటాను. ఒక మనిషి మీద రెండేళ్ళు పగబట్టి, ఆ పగ తీరిన రోజున ఇంటికొచ్చి సేమ్యా పాయసం వండుకుని తిన్నదాన్ని నేను. జీడిపప్పు కూడా వేశాను. సిగ్గుపడకుండా చెప్తున్నాను, ఆ పాయసం చాలా బాగుంది.

నేను పాత ఇళ్ళ కొలతలు తీసి బొమ్మలు గీసే మనిషిని. వరంగల్‌లో చదివి, పెళ్ళయ్యాక షార్జా వచ్చి, ఇక్కడే ఒక చిన్న కన్సల్టెన్సీలో చేరాను. 2021 చలికాలంలో మాకొక ఊరు అప్పగించారు. షార్జా నుంచి గంటన్నర తూర్పుగా వెళ్తే ఇసుక అయిపోయి కొండలు మొదలవుతాయి. ఆ కొండల కింద ఖర్జూర తోటల పక్కన ఎప్పుడో ఖాళీ అయిన పాత ఊరు అది. అక్కడ ఎన్ని ఇళ్ళున్నాయి, ఏ ఇల్లు దేనితో కట్టారు, ఎవరున్నారు, ఎప్పుడు వదిలేశారు, ఇవన్నీ ఇంటికొక ఫారం చొప్పున నింపాలి. వాటిలో ఒక ఇంటిని మళ్ళీ పాత పద్ధతిలోనే నిలబెట్టాలి.

ఆ ఊరంటే నాకు పిచ్చి ప్రేమ పుట్టింది. అన్నిటికంటే పాత ఇళ్ళు కొండరాళ్ళు పేర్చి మట్టితో కట్టినవి. నేల కాస్త లోపలికి తవ్వి కట్టారు కాబట్టి ఎండలో కూడా లోపల చల్లగా ఉంటుంది. పైన ఖర్జూరపు దూలాలు, వాటి మీద చాప, చాప మీద మట్టి. వేసవి గుడిసెలు మట్టలతో వేసుకునేవారు. వాటికి గుంజలు పాతిన గుంటలే మిగిలాయి. తర్వాత చమురు డబ్బులొచ్చాక సర్కారు వరసగా బ్లాకు ఇళ్ళు కట్టించింది. అన్నిటికీ ఒకటే ప్లాను: రెండు గదులు, వాకిలి, చుట్టూ గోడ. ఆ ఇళ్ళ వాళ్ళు కూడా టౌనుకు వెళ్ళిపోయాక తోట పనివాళ్ళు అందులో ఉన్నారు. ఒక గదిలో గోడ మీద బొగ్గుతో తెలుగులో 'తలుపు గట్టిగ గుంజాలె' అని రాసుంది. నేను ఫారంలో 'చివరగా ఉన్నవారు: తోట కూలీలు, తెలుగువారు' అని రాశాను.

మా సారు దాన్ని ఎర్ర పెన్నుతో కొట్టేశారు.

"చరిత్ర రాయమంటే కూలీల సంగతులు రాస్తావేంటమ్మా," అన్నారు నవ్వుతూ. సారుది గుంటూరు వైపు. మా కన్సల్టెన్సీలో చీఫ్ ఇంజనీరు, ఇక్కడ పదహారేళ్ళ నుంచి ఉన్నారు. ఎంత కోపంలోనైనా నవ్వు మొహమే. మాటకు ముందు 'అమ్మా' అంటారు, మాట చివర 'మనవాళ్ళం కదా' అంటారు. ఈ రెండింటి మధ్యలో మన గొంతు కోసేస్తారు. అప్పటికి ఆ సంగతి నాకు తెలీదు. ఆయన రిపోర్టుల్లో తప్పులుంటే చడీచప్పుడు లేకుండా నేనే దిద్దిపెట్టేదాన్ని.

ఇక మేస్త్రీ. ఆయనది జగిత్యాల దగ్గర పల్లె. యాభై దాటినా బక్కగా, గట్టిగా ఉండేవాడు. షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో ఆరుగురుండే రూములో ఉంటూ, తెల్లవారగానే కంపెనీ బస్సెక్కి సైటుకు వచ్చేవాడు. పందొమ్మిదేళ్ళు దుబాయ్‌లో బ్లాకులు కట్టాడు. కానీ ఆయన నాన్న ఊళ్ళో గచ్చుపని చేసేవాడట. సున్నం నానబెట్టడం, రోట్లో నూరడం, చేత్తో పట్టుకుని పదును చెప్పడం చిన్నప్పుడే నేర్చుకున్నాడు. ఆ విద్య ఇక్కడ ఎవరికీ అక్కర్లేక మూలపడి ఉంది. ఈ పాత ఇంటి పనిలో మొదటిసారి బయటికొచ్చింది. ఆయన పూసిన గోడ మీద నేను ఊరికే చెయ్యి వేసి నిలబడేదాన్ని. నన్ను 'బిడ్డా' అనేవాడు. నేను 'కాకా' అనేదాన్ని.

ఆ పనిని తనిఖీ చేయడానికి పాత కట్టడాల శాఖ నుంచి ఒక అధికారిణి వచ్చేది. ఇక్కడి మనిషే, బాగా చదువుకున్నది. నల్లటి అబాయా అంచుకు సున్నం అంటుకున్నా పట్టించుకోకుండా గోడల దగ్గర కూర్చునేది. ఒకరోజు కాకా పూసిన గోడ చూసి, హిందీలో ఆయనతోనే మాట్లాడింది. పాత పద్ధతులు తెలిసిన పనివాళ్ళ జాబితా ఒకటి తయారవుతోందనీ, ఇకపై దేశంలో ఎక్కడ పాత ఇల్లు బాగుచేసినా ఆ జాబితాలోని వాళ్ళనే పేరు పెట్టి పిలుస్తారనీ, సున్నం పని కింద మొదటి పేరు ఆయనదే రాస్తాననీ చెప్పింది. 'ఉస్తాద్' అని పిలిచింది.

ఆమె వెళ్ళాక కాకా చాలాసేపు చేతులు కడుక్కుంటూనే ఉన్నాడు.

"పందొమ్మిదేండ్ల సంది ఎన్ని గోడలు లేపిన్నో లెక్కలేదు బిడ్డా," అన్నాడు. "ఒక్క గోడ కాడ గూడ నా పేరు లేదు. గిప్పుడు కాయితం మీద రాస్తరంట."

ఆయనకు కావలసింది అదొక్కటే. ఇంటికి ఫోన్ చేసి కూడా చెప్పాడు.

వారం తర్వాత ఆ ఇంటికి పాత తలుపు, దాని చట్రం మళ్ళీ నిలబెట్టే రోజు వచ్చింది. ముందురోజు సాయంత్రం కాకా నా దగ్గరికి వచ్చాడు.

"బిడ్డా, రేపు దర్వాజ నిలవెడతం. ఇంట్ల పసుపు కుంకుమ ఉంటె తెస్తవా? ఆడబిడ్డ చేత్తోని కడపకు పెడితె మంచిగుంటది."

"ఇది మన ఇల్లు కాదు కదా కాకా."

"ఇల్లు ఎవలదైతేంది? నిలవెట్టేది మనమే గద."

మా వైపు దర్వాజా నిలబెట్టడమంటే ఇంటికి ప్రాణం పోసినట్టు. పసుపు రాయకుండా ఎవరూ నిలబెట్టరు. అయినా నేను సారును అడిగాను. ఆయన చాలా సంతోషపడ్డారు. "కానివ్వండమ్మా, శుభం. కడిగేస్తే పోతుంది, ఎవరికి తెలుస్తుంది?" అన్నారు.

మర్నాడు ఉదయం నలుగురు కలిసి చట్రం ఎత్తారు. మనదేశం టేకు, ఎప్పుడో ఓడలో వచ్చిందట. కాకా గిన్నెలో నీళ్ళు పోసి పసుపు కలిపిచ్చాడు. నేను వంగి గడపకు ఈ చివర నుంచి ఆ చివర దాకా చేతినిండా రాశాను. కుంకుమ బొట్లు పెట్టాను. సారు బూట్లు విప్పి, కళ్ళు మూసుకుని దండం పెట్టారు. డ్రైవరు చేత ఫోటో తీయించుకుని తమ ఇంటి వాట్సాప్ గ్రూపులో పెట్టారు, నాకూ పంపారు. 'ఎడారిలో మన సంప్రదాయం' అని కింద రాశారు.

తెలుగింట్లో పుట్టిన ఏ ఆడపిల్లకైనా తెలిసిన సంగతి ఒకటుంది. పసుపులో సున్నం కలిస్తే ఎర్రబడుతుంది. దిష్టి తీయడానికి ఎర్రనీళ్ళు అలాగే కలుపుతాం. పదేళ్ళ వయసు నుంచి నేను కలిపినవే. అయినా ఆ గడపకు రెండు వైపులా నాలుగు రోజుల నాటి పచ్చి సున్నం గోడ ఉందన్న సంగతి నాకు తట్టలేదు. పాత కట్టడాల గురించి రెండేళ్ళు చదువుకున్నదాన్ని నేను. సున్నం ఎరిగిన కాకాకూ తట్టలేదు. దర్వాజా దగ్గర మా ఇద్దరికీ దండం పెట్టడమే గుర్తుంది.

సున్నం గోడ పగలకుండా రోజూ తడపాలి. కాకా తడిపాడు. ఆ తడికి పసుపు నీళ్ళు గోడలోకి పాకాయి. మూడో రోజు అధికారిణి వచ్చేసరికి గుమ్మానికి రెండు వైపులా మోకాలెత్తు దాకా ఎర్రటి చారలు.

ఆమె కూర్చుని వేలితో తాకి చూసింది. "ఇది రక్తమా?" అని అడిగింది.

ఆమె కాక అక్కడ సారు, కాకా, నేను, ముగ్గురమే ఉన్నాం. సారు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "ఈ మేస్త్రీ చేసిన పని మేడం. వాళ్ళ పూజలేవో. మాకెవరికీ చెప్పలేదు. చదువు లేనివాళ్ళు, ఏం చేస్తాం," అన్నారు.

నేను నోరు తెరిచాను. సారు నావైపు తిరిగి, అదే నవ్వుతో, మెల్లగా తెలుగులో అన్నారు: "నువ్వు మాట్లాడకమ్మా. నీ సంగతి నేను చూసుకుంటున్నా కదా."

అవును, చూసుకుంటున్నారు. కరోనాలో మా ఆయన ఉద్యోగం పోయింది. అప్పటికి మా ఇంట్లో ముగ్గురి వీసాలూ నా ఉద్యోగం మీదే ఉన్నాయి. మా పాప స్కూలు, ఇల్లు, అంతా. నేను నోరు మూశాను.

అధికారిణి కాకాను హిందీలో అడిగింది, నువ్వే చేశావా అని. కాకా నావైపు చూశాడు. నేను చేతిలో ఉన్న కొలత టేపు వైపు చూశాను. దాన్ని కొంచెం లాగి మళ్ళీ లోపలికి వదిలాను. ఆ చిన్న చప్పుడు నాకింకా గుర్తుంది.

"హా మేడం. గల్తీ హో గయా," అన్నాడు కాకా.

మర్నాడు బస్సులో ఆయన రాలేదు. అబుదాబి పక్కన ముసఫ్ఫాలో గోడౌన్లు కడుతున్న సైటుకు, మళ్ళీ బ్లాకుల పనికి, పంపేశారు. జాబితాలోంచి పేరు తీసేయమని సారే ఈమెయిల్ రాశారు. ఆ ఈమెయిల్ కాపీ నాకు కూడా పెట్టారు. సాయంత్రం టీ తాగుతూ, "ఖలాస్ అమ్మా, మర్చిపో," అన్నారు.

నేను మర్చిపోలేదు. కాకాకు రెండుసార్లు ఫోన్ చేశాను, ఎత్తలేదు. పనిలో ఉన్నాడేమో అనుకున్నాను. ఇక నా ధ్యాసంతా సారు మీదే పెట్టుకున్నాను. రోజూ ఉదయం ఆఫీసులో ఆయన మొహం చూసి 'గుడ్ మార్నింగ్ సార్' అని నవ్వేదాన్ని, లోపల పళ్ళు నూరుకునేదాన్ని. నా నోరు మూయించింది ఆయనే కాబట్టి నా మౌనం కూడా ఆయన పాపమే అని తేల్చుకున్నాను. అలా తేల్చుకున్నాక బతకడం తేలికైంది.

మొదట చిన్న చిన్నగా కసి తీర్చుకున్నాను. ఆయన రిపోర్టులు దిద్దడం మానేశాను. ఒకసారి సర్కారు కట్టించిన బ్లాకు ఇంటికి ఎవరో పైన మట్టి మెత్తితే, అది రెండు వందల ఏళ్ళ నాటి ఇల్లని రాసుకొచ్చారు. నేను చూశాను. చూసి, పేజీ నంబర్లు సరిగ్గా ఉన్నాయా లేవా అని మాత్రం సరిచూసి ఇచ్చాను. మీటింగులో అధికారిణి ఆ పేజీ దగ్గర ఆగి, ఆ గోడ పెచ్చు ఊడిన చోట సిమెంటు బ్లాకు కనిపిస్తున్న ఫోటో చూపించి, "రెండు వందల ఏళ్ళ కిందట ఈ బ్లాకులు ఎక్కడ దొరికేవి?" అని అడిగింది. సారు చెవులు ఎర్రబడ్డాయి. ఆ రోజు దారి పొడవునా కారులో పాటలు పెట్టుకుని ఇంటికెళ్ళాను. కానీ దాంతో కాకా పేరు జాబితాలోకి రాలేదు, నా కడుపుమంటా చల్లారలేదు.

రెండేళ్ళు గడిచాయి. 2023 చివర్లో మా ఆయనకు మంచి ఉద్యోగం దొరికింది, మా వీసాలు ఆయన కంపెనీకి మారాయి. సరిగ్గా ఆ నెలలోనే నాకు ధైర్యం వచ్చింది. ఈ రెండింటికీ సంబంధం ఉందని అప్పుడు నాకు తోచలేదు.

బాగుచేసిన ఇంటిని జనానికి తెరిచే రోజు వచ్చింది. ఇంటి వాకిట్లో కుర్చీలు, తెర. శాఖ పెద్దలు, ఆ ఊరి పాత కుటుంబాల వాళ్ళు, అధికారిణి ముందు వరసలో. సారు కోటు వేసుకొచ్చారు. అదే పద్ధతిలో బాగుచేయాల్సిన ఇంకో ఊరు కూడా మా కన్సల్టెన్సీకే ఇస్తామని శాఖవాళ్ళు ఆయనకు మాటిచ్చారు. ఆ రోజు ప్రకటిస్తారని ఆఫీసంతా అనుకుంటోంది. తెర మీద చూపించే స్లైడ్లు చేసింది, ఎప్పటిలాగే, నేను. ఎప్పటిలాగే ఆయన వాటిని ముందు చూసుకోలేదు.

రాళ్ళ గోడలు చూపించారు, ఖర్జూరపు కప్పు చూపించారు, చప్పట్లు కొట్టించుకున్నారు. "ఇక తలుపు," అని బటన్ నొక్కారు.

తెర మీద ఆయనే ఉన్నారు. బూట్లు లేకుండా, కళ్ళు మూసుకుని, చేతులు జోడించి. ఆయన ముందు పసుపు గడప. గడప దగ్గర వంగి ఉన్న నా వీపు, మోచేతి దాకా పసుపైన నా చెయ్యి. వెనకాల గిన్నె పట్టుకున్న కాకా. కింద నేను ఇంగ్లీషులో తేదీ వేశాను, అంతే.

సారు బటన్ నొక్కుతూనే ఉన్నారు. నేను ఆ తర్వాత స్లైడ్ పెట్టలేదు.

"ఇది వేరే సైటుది, పొరపాటున వచ్చింది," అన్నారు. ఆయన వెనక, అదే తలుపు, అదే చెక్కడం, అందరికీ కనిపిస్తూ ఉంది. ముందు వరసలో ఒక ముసలాయన గట్టిగా నవ్వాడు.

నేను లేచి నిలబడ్డాను. "పసుపు రాసింది నేను. రాయమని అనుమతి ఇచ్చింది సారు. మేస్త్రీ నీళ్ళు కలిపి ఇచ్చాడు," అన్నాను. ఆ ఒక్క నిమిషం కోసం రెండేళ్ళు ఎదురుచూశాను, దాన్ని పూర్తిగా అనుభవించాను. సారు మొహం మీద ఆ నవ్వు ఎలా జారిపోయిందో నేను కళ్ళార్పకుండా చూశాను.

రెండో ఊరు ఆయనకు రాలేదు. టీ బల్ల దగ్గర నన్ను పట్టుకుని, "నీకు అన్నం పెట్టిన చెయ్యమ్మా ఇది," అన్నారు.

"ఆ చేత్తోనే కదా సార్ మేస్త్రీ పేరు కొట్టేశారు," అన్నాను. ఆ సాయంత్రం వండిందే పాయసం.

అధికారిణి మాత్రం వెళ్ళేముందు నన్ను పక్కకు పిలిచింది. "ఈ ఫోటో రెండేళ్ళూ నీ దగ్గరే ఉందా?" అని అడిగింది. ఉందన్నాను. సంచిలోంచి ఒక ఫారం తీసి ఇచ్చింది. పనివాళ్ళ జాబితాది. పేరు, పని, ఫోటో, సంతకం. "ఉస్తాద్ సంతకం చేయించి తీసుకురా. సున్నం పని గడి ఇంకా ఖాళీగానే ఉంచాను," అంది.

మర్నాడే ముసఫ్ఫా బయలుదేరాను. మధ్యాహ్నం మూడింటికి చేరేసరికి కాకా సగం లేచిన గోడౌను గోడ నీడలో కూర్చుని ఉన్నాడు. చిక్కిపోయాడు. కళ్ళజోడు వచ్చింది. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. నేను ఊపిరి తీసుకోకుండా మొత్తం చెప్పాను. తెర మీద ఫోటో ఎలా వచ్చిందో, సారు బటన్ ఎలా నొక్కారో, ముసలాయన ఎలా నవ్వాడో. సారు గొంతుతో అభినయించి మరీ చెప్పాను. కాకా నవ్వుతాడని ఆగాను.

ఆయన నవ్వలేదు. చేతులు ప్యాంటుకు తుడుచుకుని ఫారం తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇక్కడ సంతకం పెడితే చాలు కాకా. మొదటి పేరు నీదే."

"ఆ సారు మీద నాకు ఎన్నడు కోపం లేకుండె మేడం," అన్నాడు.

ఆయన నన్ను మేడం అనడం అదే మొదటిసారి.

"ఆయన గసుంటోడే అని నాకు ఎర్కనే. గసుంటోళ్ళను ఇరవై ఏండ్ల సంది చూస్తున్న. గా దినం నేను ఆయన దిక్కు చూడలె. మీ దిక్కు చూసిన. మీరు టేపు దిక్కు చూసిన్రు."

"కాకా, అప్పుడు మా ఇంట్లో పరిస్థితి..."

"ఎర్కనే. అందుకే నేను చేసిన అని ఒప్పుకున్న. తెల్లారి వస్తరనుకున్న. పది దినాలకైన వస్తరనుకున్న. ఫోన్ చేసిన్రు. ఫోన్ల ఏం చెప్తరు? వచ్చి మొకం చూపియ్యాలె గద. షార్జా నుంచి ముసఫ్ఫా ఎంత దూరం మేడం?"

ఆ రోజు నేను రెండు గంటల్లో వచ్చేశాను. మా ఆయనకు ఉద్యోగం రాకముందు ఆ దారి ఎందుకు కనిపించలేదో, ఆయన ముందు నిలబడ్డాకే నాకు అర్థమైంది. ఒళ్ళంతా మండిపోయింది, ఈసారి నా మీద.

"నన్ను తిట్టు కాకా. కానీ సంతకం పెట్టు. నువ్వు కోరుకున్నదే కదా. కాగితం మీద పేరు కావాలన్నావు కదా."

"కోరుకున్న. ఇప్పటికి గూడ కావాలె." ఫారాన్ని మడత పడకుండా జాగ్రత్తగా నా చేతిలో పెట్టాడు. "గని మీరు తెచ్చిన కాయితం మీద వద్దు. దీని మీద నేను సంతకం వెడితె మీరు ఇంటికి వోయి కమ్మగ నిద్రవోతరు. గది నాకు ఇష్టం లేదు."

ఆయన గొంతు పెంచలేదు. పోయిన రెండేళ్ళలో నేను ఒక్కదాన్నే పగబట్టాననుకున్నాను. ఆయన కూడా పట్టాడు, నా మీద. తన పేరు పోయినా సరేనని పట్టాడు.

కంపెనీ బస్సు వచ్చి హారన్ కొట్టింది. ఆయన తాపీ, తట్ట తీసుకుని వెళ్ళి వెనక సీట్లో కూర్చున్నాడు.

ఆ కాగితం మర్నాడు అధికారిణికి తిరిగిచ్చాను. ఉస్తాద్ సంతకం ఎందుకు పెట్టలేదని ఆమె అడిగింది. ఈసారి ఉన్నదున్నట్టు చెప్పాను.